పడవలో నీళ్లు నింపిన మా అత్త

మా మేనత్త పోయిన మూడో రోజు తెల్లవారుజామున బొంబాయిలో ఆమె ఉండే చాలీలో, ఆ ఒక్కగది కాపురాల మేడలో, నల్లా నీళ్లు వచ్చి, వెళ్లిపోయాయి. ఎవరూ లేవలేదు. పొద్దెక్కాక ఒక్కొక్కరే గదుల ముందున్న గ్యాలరీలోకి వచ్చి, ఖాళీ నీళ్ల హండాలు చూసుకుని, ఆమె గది తలుపు వైపు చూశారట. నీళ్ల వేళకు చాలీ అంతా పడుకునే ఉండిపోవడం నాకు తెలిసి అదే మొదలు. అంత్యక్రియలయ్యాక డోంబివిలీలో మా ఇంటికి వచ్చేసిన నాకు, అత్త పొరుగింటి వదినె ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది. "మీ అత్త పోయిందని ఇయ్యాలనే నమ్మిన పిల్లా" అని ఏడ్చింది.

ఆమె పేరు రాయను. రాసినా చాలీలో సగం మందికి అదెవరో తెలియదు. నాకు అత్త, వదినెకు అక్క, కింది అంతస్తు పిల్లలకు అవ్వ. పాలవాడికి మాత్రం మౌసీ. మా తాత పాలమూరు నుంచి వచ్చి బొంబాయిలో ఎవరెవరివో మేడలు కట్టి, తాను మాత్రం కామాటిపురాలో ఒక్క గదిలో కాపురం పెట్టాడు. అత్త ఆ గదిలోనే పుట్టింది. పెళ్లయి వెళ్లి, మొగుడు పోయాక మళ్లీ ఆ గదికే వచ్చింది. నర్సింగ్ హోంలో ఆయాగా పనిచేసి రిటైరైంది. అంతకన్నా జీవిత చరిత్ర ఆమెకు లేదు. ఉన్నదల్లా నీళ్లు.

మునిసిపాలిటీ నీళ్లు మా చాలీకి తెల్లవారకముందే వచ్చి, కాసేపు ఉండి పోతాయి. అందరినీ లేపడం అత్త పని. ఎవరు అప్పగించారో తెలియదు, అడిగిన వాళ్లూ లేరు. అరవడం ఆమెకు గిట్టదు. స్టీలు గరిటెతో ఒక్కో తలుపు గొళ్లెం మీద ఒక్కో తీరుగా కొట్టేది. పసిపిల్లలున్న ఇంటికి మెల్లిగా, తాగి పడుకున్నాయన ఇంటికి గట్టిగా. కొత్తగా పెళ్లయిన వాళ్ల తలుపు ముట్టేది కాదు. కాస్త దూరంగా నిలబడి దగ్గేది. వాళ్లు ఆ దగ్గుకు సిగ్గుపడి చప్పున లేచేవాళ్లు.

"నీళ్లు చుట్టం లెక్క. వచ్చినప్పుడు మనం వాకిట్ల ఉండాలె" అనేది.

నల్లా దగ్గర తగవులు కూడా ఆమే తీర్చేది. చావైన ఇల్లు, పురుడైన ఇల్లు ముందు పట్టుకోవాలి, తక్కిన వాళ్లు ఆగాలి. ఇది ఆమె చట్టం. ఒకసారి చావైన ఇంటి వాళ్లతో మాటలు లేని మనిషి కూడా హండా పక్కన పెట్టి ఆగాడు. ఎవరైనా నీళ్లు ఒలకబోస్తే తిట్టేది కాదు, వాళ్ల మొహం చూసేది. చిన్నప్పుడు నేను నీళ్ల కళ్శీ, ఆ ఇత్తడి బిందె, జార విడిచినప్పుడు నా మొహమూ అలాగే చూసింది. ఆ చూపు కన్నా చెంపదెబ్బ నయం.

ఆమెకు ఇంకో విచిత్రం ఉండేది, పాస్‌పోర్టు. ఎప్పుడో కువైట్‌కు ఆయాగా పోదామని తీయించుకుంది. పోలేదు. కానీ గడువు తీరినప్పుడల్లా మళ్లీ కొత్తది తీయించుకునేది. రేషన్ షాపు వాడు గుర్తింపు చూపమంటే ఆధార్ కార్డు పక్కన పెట్టి ఆ నీలం పుస్తకం తీసి కౌంటర్ మీద పెట్టేది. వాడు పేజీలన్నీ తిప్పి "ఎక్కడికీ పోలేదేం మౌసీ?" అంటే, "పోవాల్నంటే పోత, నీకేంది?" అనేది.

టాక్సీ ఎక్కితే "కామాటిపురా" అని గట్టిగా చెప్పేది. మేమెవరం అలా చెప్పం. ఒళ్లమ్ముకునే గల్లీలకు పేరుమోసిన చోటు కదా, బొంబాయిలో ఆ పేరు చెప్పగానే ఎదుటివాళ్ల కళ్లలో ఏం కదులుతుందో మాకు బడికి వెళ్లే వయసులోనే తెలుసు. అందుకని నాగ్‌పాడా అంటాం, బాంబే సెంట్రల్ అంటాం. పెళ్లి సంబంధాల వాళ్లకు ముంబై అని ఊరుకుంటాం. "అత్తా, బాంబే సెంట్రల్ రోడ్ దగ్గర అనరాదా?" అని ఒకసారి నేనంటే, "మా నాయిన ఇల్లు రోడ్డు మీద లేదు బిడ్డా, గల్లీల ఉన్నది" అంది.

ఇలాంటి మనిషిని నేను గ్రీసు దేశం తీసుకెళ్లాను.

నేను పనిచేసేది ఒక బీమా ఆఫీసులో. ఆ ఏడాది మా శాఖ వ్యాపారం బాగా జరిగిందని కంపెనీ వాళ్లు కొందరికి ఒక వారం విహారం ఇచ్చారు. కోర్ఫూ అని మధ్యధరా సముద్రంలో ద్వీపం. తెరచాప పడవలో దాని చుట్టూ తిరగడం, పడవలోనే వంట, పడవలోనే నిద్ర. వెంట ఇంటి మనిషిని ఒకరిని తెచ్చుకోవచ్చు. మా ఆయనకు నీటిగండం ఉందని మా అత్తగారు పంపలేదు. ఇంట్లో పాస్‌పోర్టు సిద్ధంగా ఉన్న మనిషి ఇంకెవరూ లేరు. అందుకే మేనత్త వచ్చింది, ఆ వారం తలుపులు కొట్టే గరిటె వదినెకు అప్పగించి. ప్రేమతో తీసుకెళ్లానని చెప్పుకోవాలని ఉంది గానీ, ఖాళీ సీటు పోతుందని తీసుకెళ్లాను.

పడవలో మా మేనేజర్ సారు, ఆయన భార్య, ఇంకో సహోద్యోగి జంట, మేమిద్దరం, పడవ నడిపే గ్రీకాయన. గడ్డం నెరిసిన మనిషి. ఎక్కే ముందే చెప్పులు విప్పి బుట్టలో వేయమన్నాడు. అత్త ముఖం వెలిగిపోయింది. "చూసినవా, మంచిల్లు" అంది నాతో. తెరచాప పైకి లేస్తుంటే మెడ వెనక్కి వంచి చూసి, "గింత పెద్ద చీర ఎవలు ఉతుకుతరే?" అంది. గ్రీకాయన ఏమన్నదని అడిగితే నేను చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వి, అప్పటి నుంచి తాడు లాగేటప్పుడల్లా ఆమె కోసం ఒక కొస వదిలేవాడు. ఆమె కొంగు నడుముకు చెక్కి లాగేది. ఒక పక్క ద్వీపం, నీళ్ల దాకా దిగిన ఆలివ్ చెట్లు. ఇంకో పక్క దూరంగా వేరే దేశం కొండలు. ఆమె ఒకసారి చూసి, "బాగున్నది" అని మళ్లీ తాడు వైపు తిరిగింది.

నేను మాత్రం మొదటి రోజు నుంచే సిగ్గుతో చచ్చాను. తడి చీర పడవ రెయిలింగ్ మీద ఆరేసింది. మేడం ఇచ్చిన చీజ్ వాసన చూసి గిన్నె పక్కకు జరిపింది. రెండో రోజు మధ్యాహ్నం మేడం, "మౌసీ ఎక్కడుంటారు?" అని హిందీలో అడిగింది. "బాంబే సెంట్రల్ వైపు" అన్నాను నేను. నా మాట పూర్తి కాకుండానే అత్త, "కామాటిపురా, బారావీ గల్లీ" అంది. మేడం ఒక్క క్షణం ఆగి, "ఓహో, అవునా" అని నవ్వి, నా వైపు చూసింది. ఆఫీసులో చేరిన నాటి నుంచి దాచుకున్న చిరునామా ఆ పడవ మీద ఎండలో పడింది. నాకు సముద్రంలో దూకాలనిపించింది. అత్త తాపీగా ద్రాక్షపళ్లు తింటోంది.

ఆ సాయంత్రం ఒడ్డు వంపు తిరిగిన చోట లంగరు వేశాక గ్రీకాయన అందరినీ పిలిచి చెప్పాడు. ట్యాంకులో మంచినీళ్లు అడుగుకు వచ్చాయి. మళ్లీ నింపుకోవడం రేపు సాయంత్రం రేవు చేరాకే. మర్నాడు పొద్దున ద్వీపం పడమటి వైపు నీలిగుహలు చూసి అటు పోతాం. సారు, మేడం పెళ్లిరోజు అదే. ఆ గుహల కోసమే ఈ ప్రయాణం అని మేడం వారం నుంచి చెబుతోంది.

అత్త నన్ను అడిగింది, "ఏమంటుండే ఆయన?"

"నీళ్లు తక్కువున్నయట అత్తా. రేపు పొద్దుమీకి దాకా ఉండయట."

"అట్లనా" అంది. అంతే అంది.

మనం ఏ ఇంట్లో పుట్టామో దాన్ని బట్టి ఒకే మాట ఒక్కొక్కరికి ఒక్కోలా వినబడుతుంది. నీళ్లు తక్కువున్నాయి అంటే సారుకు, మేడంకు, ఆ గ్రీకాయనకు వినబడింది, ముట్టుకోకండి అని. మా చాలీలో పుట్టిన ఎవరికైనా వినబడేది, పొద్దున్నే లేచి అన్నీ నింపుకో అని.

తెల్లవారుతుండగా గ్రీకాయన మొహం కడుక్కున్నాడేమో, మా పడక పక్కనే మోటరు గుర్రుమంది. పడవలో కుళాయి తిప్పితే ఆ మోటరు నీళ్లు తోస్తుంది. అత్త చటుక్కున లేచి నా భుజం తట్టింది. "లే పోరీ, లవ్‌కర్ లే! నీళ్లొచ్చినయి!"

నేను లేచాను. చాలీ వదిలి ఎన్నో ఏళ్లయింది, మా ఫ్లాటులో రాత్రీ పగలూ కుళాయి వస్తుంది. అయినా లేచాను. సగం నిద్రలోనే ఆ బుల్లి వంటగదిలో ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె పట్టడం, నేను అందుకుని కింద పెట్టడం, ఇంకోటి అందించడం. గిన్నెలు, కుక్కరు, కెటిల్, ఐసు పెట్టె, బకెట్టు, ఖాళీ సీసాలు. పాత్రలు అయిపోతే వైన్ గ్లాసులు కూడా వరుసగా పెట్టాం. చిన్నప్పుడు ఎలా చేశామో అలాగే, ఒక్క మాట లేకుండా. చివరికి కుళాయి గాలి వదిలి ఆగింది. అత్త తృప్తిగా చేతులు తుడుచుకుంది. "బస్. ఇగ పండుకో" అంది. అన్నీ నిండాక పట్టే నిద్ర ఒకటుంటుంది, అనుభవించిన వాళ్లకే తెలుసు. ఆ నిద్ర నాకు మళ్లీ పట్టింది.

పైన గ్రీకాయనకు ఇదేమీ తెలియదు. మంచి గాలి వచ్చిందని లంగరు ఎత్తి, తెరచాప విప్పాడు. గాలి అందుకోగానే పడవ ఒక పక్కకు ఒరిగింది. తెరచాప పడవ అలాగే నడుస్తుందట, ఒరిగి.

ఆ చప్పుడు నేను జన్మలో మరిచిపోను. కుక్కరు, గిన్నెలు, సీసాలు, గ్లాసులు అన్నీ ఒక్కసారిగా ఒక వైపుకు జారి కూలాయి. నీళ్లు సారు వాళ్ల గది తలుపు కిందుగా లోపలికి పోయాయి. మేడం పెళ్లిరోజు కోసం తీసి పెట్టుకున్న బట్టలు, కింద ఉన్న బ్యాగు, పరుపు, అన్నీ తడిసిపోయాయి. గ్రీకాయన కిందకు పరుగెత్తుకొచ్చి, కుళాయి తిప్పి చూసి, ట్యాంకు ముల్లు చూసి, తల పట్టుకున్నాడు. చుక్క లేదు. నీళ్లు లేకుండా ఆ వైపు పోకూడదు. పడవ వెనక్కి తిప్పాడు. నీలిగుహలు లేవు.

అత్త గాజుముక్కల మధ్య వట్టి కాళ్లతో నిలబడి, నేల మీద పారుతున్న నీళ్లను చూస్తోంది. ఏం జరిగిందో ఎవరూ చెప్పకుండానే ఆమెకు అర్థమైంది. తర్వాత తలెత్తి నా మొహం చూడలేదు. ఎవరి మొహమూ చూడలేదు.

"నేనే చేసిన" అంది హిందీలో. "నా తప్పు సాబ్."

"నేను కూడా నింపాను సార్" అన్నాను. "ఇద్దరం కలిసి నింపాం. ట్యాంకు సంగతి నాకు తెలుసు, అయినా నింపాను."

సారు నన్ను జాలిగా చూశాడు. "అరె, మీరెందుకు నింపుతారు? మీ ఇంట్లో నీళ్లకేం కొదవ?" అన్నాడు. మేడం తడి బట్టలు పిండుతూనే, "మేనకోడలంటే ఇలా ఉండాలి" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే మెచ్చుకుంది. నేను మళ్లీ చెప్పాను. వాళ్లు మళ్లీ నవ్వారు. ఇంగ్లీషు మాట్లాడే, పాలసీలు అమ్మే మనిషి తెల్లవారుజామున లేచి వైన్ గ్లాసుల్లో నీళ్లు పడుతుందంటే ఎవరు నమ్ముతారు? కామాటిపురా ముసలామె పట్టిందంటే ఎవరైనా నమ్ముతారు.

"నోరు మూసుకో" అంది అత్త తెలుగులో, నా వైపు చూడకుండానే. "నీ నౌకరీకి ఏమన్న అయితది. నాకేం పోతది?"

ఏం పోయిందో నేను రేవులో చూశాను. గ్రీకాయన గట్టు మీద కుళాయికి పైపు తగిలించి ట్యాంకు నింపుతున్నాడు. ధారగా, కావలసినన్ని నీళ్లు. అత్త కాస్త దూరంలో రాతి గట్టు మీద, ఆ నీళ్లకు వీపు పెట్టి కూర్చుంది. నీళ్లు వస్తున్నప్పుడు ఆమె కూర్చుని ఉండగా నేను చూసింది అదొక్కసారే. గ్లాసు తీసుకెళ్లి ఇచ్చాను. పొద్దున నుంచి ఆమె ఏమీ తాగలేదు. "వద్దు" అంది. "అందరి నీళ్లు పారబోసిన. నాకెందుకు?" సాయంత్రం గ్రీకాయనే వచ్చి పక్కన కూర్చుని, ఏవో రెండు మాటలు వాళ్ల భాషలో చెప్పి, సీసా చేతిలో పెడితే అప్పుడు తాగింది. ఆ పని నా వల్ల కాలేదు.

మిగిలిన రోజులు ఆమె తాడు ముట్టలేదు.

తిరుగు విమానంలో నా చెయ్యి పట్టుకుంది. "చాలీల చెప్పకు బిడ్డా. నవ్వుతరని కాదు. నవ్వనీ. రేపటికెల్లి నేను తలుపు కొడితే ఎవలు లేస్తరు?"

"చెప్పను అత్తా" అన్నాను వెంటనే.

చాలీలో ఆమెను చుట్టుముట్టి అందరూ కథలు అడిగారు. చెప్పులు విప్పించే పడవ గురించి చెప్పింది, ఇంత పెద్ద చీర గురించి చెప్పింది. వదినె, "పడవల నీళ్లెట్ల అక్కా?" అని అడిగితే, "మస్తు నీళ్లు" అని లేచి లోపలికి పోయింది. నేను గోడకు ఆనుకుని కాళ్ల వేళ్లు చూసుకుంటూ కూర్చున్నాను.

ఆఫీసులో మాత్రం ఆ కథకు రెక్కలొచ్చాయి. ప్రతి పార్టీలో సారు చెప్పేవాడు, పడవ ట్యాంకు ఖాళీ చేసిన మౌసీ కథ. చెప్పిన ప్రతిసారీ నేను "నేను కూడా నింపాను" అనేదాన్ని. రాను రాను ఆ మాట కూడా కథలో చివరి నవ్వైపోయింది. అందరూ నా వైపు తిరిగి, నేను ఎప్పుడంటానా అని చూసేవాళ్లు. కొన్నాళ్లకు అనడం మానేశాను. ఇంకొన్నాళ్లకు వాళ్లతో పాటు నవ్వాను కూడా. నవ్వుతున్నప్పుడు చెవులు కాలిపోయేవి, అయినా నవ్వాను.

అత్త పదో రోజు దినానికి సారు, మేడం వచ్చారు. సెలవు ఎందుకని అడిగితే చెప్పాను గానీ వస్తారనుకోలేదు. ఇరుకు మెట్లు ఎక్కి, గ్యాలరీలో డ్రమ్ముల మధ్య నుంచి ఒదిగి ఒదిగి వచ్చి, ఫొటోకు పూలదండ వేశారు. ఆ మెట్లు చూసి వాళ్ల ముందు నాకు సిగ్గేసింది. వాళ్లను చూసి చాలీ ముందు భయమేసింది. వదినె వాళ్లకు కుర్చీలు వేసి, అన్నం, మటన్ కూర వడ్డించింది. మేడం మారు మాట లేకుండా తింది. మంచి మనుషులు. ఆ మాట దాచడం న్యాయం కాదు.

తింటూ తింటూ సారు మొదలుపెట్టాడు. "మౌసీ మమ్మల్ని ఎంత నవ్వించిందో మీకు తెలుసా?" అన్నాడు హిందీలో. నేను, "సార్, ఇప్పుడు వద్దు" అన్నాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపి, ప్రేమగానే చెప్పుకుపోయాడు. ట్యాంకు, కుక్కరు, వైన్ గ్లాసులు, ఒరిగిన పడవ. ఆఫీసులో అందరూ నవ్వే చోట ఆగాడు. గ్యాలరీలో ఎవరూ నవ్వలేదు. వడ్డించే వాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడిపోయారు. అత్త ఎవరి నుంచి ఆ సంగతి దాచుకుని బతికిందో వాళ్లంతా అక్కడే ఉన్నారు.

"నేను కూడా నింపిన" అన్నాను తెలుగులో.

వదినె నా వైపు తిరిగింది. "నీళ్లు ఉండయని పడవాయన ముందుగల్ల చెప్పిండా?"

"చెప్పిండు."

"మరి నింపరా?" అంది. ఇంత సులువైన లెక్క ఎవరికి అర్థం కాలేదో అన్నట్టు చుట్టూ చూసింది. అందరూ తలలూపారు. "అన్నీ నిండినయా?"

"నిండినయి వదినె. గ్లాసులు సుత."

ఆమె సారు వైపు తిరిగి హిందీలో అడిగింది. "అప్పుడు మీరందరు ఏం చేస్తున్నారు సాబ్?"

సారు ముద్ద చేతిలో పట్టుకుని, "పడుకున్నాం" అన్నాడు.

"ఇద్దరాడోళ్లే నింపిన్రు, పాపం" అంది మెట్ల దగ్గరున్న ఒకామె. ఇంకొకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. వదినె సారు పళ్లెంలో ఇంకాస్త కూర వేసి, మళ్లీ పనిలో పడింది. వాళ్ల దృష్టిలో ఆ సంగతి అక్కడితో తీరిపోయింది.

నేను అక్కడ నిలబడలేక అత్త గదిలోకి పోయి కూర్చున్నాను. విమానంలో ఆమె చెప్పకు అనగానే చెప్పనని ఎందుకంత తొందరగా అన్నాను? ఆమె పరువు కోసం అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు. కామాటిపురా ఆడది పడవలో చేసిన పని, అందులో నా పాలు, ఇంకో చెవిన పడకుండా ఉంటే నాకే హాయి. అందుకే అంత బాగా మాట నిలబెట్టుకున్నాను. ఏ ఒక్క పొద్దున్నో ఈ గ్యాలరీలో నిలబడి నోరు విప్పి ఉంటే, వదినె ఆ మాట అప్పుడే అనేది. మరి నింపరా అనేది. అత్త వినేది.